బూడిద ఉప్పు

ఇరవై రెండేళ్లుగా మా ఊరి ఆసుపత్రిలో నర్సుని. ఆసుపత్రి అంటే మూడు గదులు, ఒక వరండా, వాన నీళ్లు పట్టే ట్యాంకు. వారానికోసారి రావలసిన డాక్టరు నెలకోసారి వస్తాడు, వచ్చిన రోజు కూడా మబ్బు పట్టిందంటే మధ్యాహ్నానికే బండెక్కేస్తాడు. మిగతా రోజుల్లో డాక్టరూ నేనే, నర్సూ నేనే, మందుల గది తాళాలూ నా దగ్గరే. జనం నన్ను సిస్టర్ ఫెలిస్టా అంటారు. నోరెక్కువ అని కూడా అంటారు, అది నేను వినడంలేదనుకున్నప్పుడు.

ఇన్నేళ్లలో ఎవరేం అడిగినా "తెలియదు" అన్న మాట నా నోట రాలేదు. ఒక్కసారి ఆ మాట అంటే మర్నాటి నుంచి వీళ్లంతా సంతలో వేర్లు అమ్మేవాడి దగ్గరికి పోతారని నా భయం. అందుకని తెలిసినదీ తెలియనిదీ ఒకే గొంతుతో, గట్టిగా చెప్పేదాన్ని. ఆ అలవాటు ఒక మనిషి ప్రాణం మీదికీ, ఇంకో మనిషి కాపురం మీదికీ తెచ్చింది.

ఆ మొదటి మనిషి ముహతియా. అరవై తొమ్మిదేళ్లవాడు, ఇంకో గిత్తతో కొమ్ములు కలిపి పోట్లాడే పోట్ల గిత్త ఉన్నవాడు. మా ఇసుఖా తెగవాళ్లలో పోట్ల గిత్త ఉన్నవాడికి దక్కే మర్యాద పాస్టరుక్కూడా దక్కదు. ఆయన గిత్త పేరు ఇంజినీరు. దాన్ని కొన్న ఏడాది ఆయన కొడుకు ఇంజినీరింగు పరీక్ష తప్పాడు. ఇంట్లో ఒక ఇంజినీరైనా ఉండాలని ఆ పేరు పెట్టానని ఆయనే అందరికీ చెప్పి నవ్వేవాడు. ఆ కొడుకు లుసేనో. ఇప్పుడు మోటారు సైకిలు మీద జనాన్ని తిప్పుతూ బతుకుతున్నాడు, మంచివాడే కానీ ఎవరి ముందూ గొంతెత్తి మాట్లాడడు.

శనివారం పోటీ ఉందంటే తెల్లవారుతుండగానే డప్పులు మోగుతాయి. ఊళ్లో మగాళ్లంతా చెట్ల కొమ్మలు పట్టుకుని గిత్త వెంట పాడుకుంటూ పరుగెడతారు. అందరికన్నా ముందు, తాడు పట్టుకుని, యజమాని పరుగెత్తాలి. యజమాని నడిస్తే గిత్త నడుస్తుంది, నడిచి వచ్చిన గిత్త గెలవదు. ఇది మావాళ్ల నమ్మకం, చదువుకున్నదాన్ని కదా అని నాకేం తక్కువ లేదు, నా నమ్మకమూ అదే. ముహతియా తొమ్మిదేళ్లుగా ఇంజినీరు ముందు పరుగెడుతున్నాడు.

ఫిబ్రవరిలో ఆయనకి తల తిరిగి నా దగ్గరికి వచ్చాడు. బీపీ చూస్తే పై అంకె నూట తొంభై దాటింది. బీపీ బిళ్ల ఒకటీ, ఒంట్లో నీరు తీసే బిళ్ల ఒకటీ ఇచ్చాను. ఈ రెండో దాన్ని అందరూ నీళ్ల బిళ్ల అంటారు. ఇచ్చి, కొట్లో కొనే ఉప్పు ఇక ముట్టుకోవద్దని కళ్లెర్రజేసి చెప్పాను. ఉప్పు లేని కూర తినడం కన్నా ఇంజినీరు పక్కన నిలబడి గడ్డి మెయ్యడం నయం అని ఆయన గొణిగాడు. మెయ్యి, దానికైనా బీపీ లేదు అన్నాను.

ఆయన భార్య పోయి నాలుగేళ్లైంది. వంట కోడలు ఖయేసిది, పెత్తనం అక్క టబితాది. టబితాకి మొగుడు పోయాక తమ్ముడి వాకిట్లోనే చిన్న ఇల్లు వేసుకుని ఉంటోంది. ఖయేసి ఏటి అవతలి ఊరి పిల్ల. ఆ ఊరి గిత్త బుల్డోజరు, మా ఇంజినీరుని పోటీలో రెండుసార్లు తరిమింది. పెళ్లై ఐదేళ్లైనా, ఒక బిడ్డ పుట్టినా, టబితా ఆ సంగతి మర్చిపోలేదు. కూరలో రాయి తగిలినా ఏటి అవతలి చెయ్యి అనేది.

మాలో మామా కోడలూ ఎదురెదురుగా కూర్చోరు, ఒకరి పేరు ఒకరు పలకరు. కోడలు కంచం తెచ్చి గుమ్మం లోపల స్టూలు మీద పెట్టి వెళ్లిపోతుంది. ఆమె అడుగుల చప్పుడు దూరమయ్యాక ఆయన వచ్చి కూర్చుంటాడు. ఏదైనా చెప్పాలంటే మధ్యలో మనిషి కావాలి. మనిషి దొరక్కపోతే వాకిట్లో తిరిగే కోడికి చెబుతున్నట్టు చెప్పుకుంటారు. వినవలసినవాళ్లు వింటారు. అందువల్ల ముహతియా ఏ బిళ్లలు మింగుతున్నాడో ఖయేసికి తెలియదు, ఖయేసి కూరలో ఏం వేస్తోందో ముహతియాకి తెలియదు. రెండూ తెలిసిన మనిషిని నేనొక్కదాన్నే.

ఎందుకంటే మార్చిలో బిడ్డకి టీకా వేయించడానికి వచ్చినప్పుడు ఖయేసి నన్ను అడిగింది.

"సిస్టర్, మామయ్యకి కొట్టు ఉప్పు వద్దన్నారంట గదా. చప్పటి కూర సగం కంచంలోనే వదిలేస్తున్నారు. మా అమ్మ చేసినట్టు బూడిద నీళ్లతో వండి పెట్టనా?"

బిడ్డ గుక్కపట్టి ఏడుస్తోంది. వరండాలో ఇంకా పదిహేను మంది ఉన్నారు. నేను తలెత్తి చూడలేదు.

"కొట్టు ఉప్పే విషం. మన చేలో కాసిన చిక్కుడు తొక్కల బూడిదకి ఏమొచ్చింది? మన తాతలు అది తినే తొంభయ్యేళ్లు బతికారు. నిక్షేపంగా పొయ్యి."

ఖయేసి మొహం విప్పారింది. ఇంటికి వెళ్లి అదేరోజు మొదలుపెట్టింది. ఎండిన చిక్కుడు తొక్కలు కాల్చి, ఆ బూడిదని అడుగున చిల్లులున్న కుండలో గడ్డి పరిచి నింపి, పైనుంచి నీళ్లు పోస్తే కిందకి గోధుమ రంగు నీళ్లు బొట్లు బొట్లుగా కారతాయి. అందరి ఇళ్లలోనూ ఉండే కుండే అది. బొబ్బర్ల ఆకు మెత్తగా ఉడకడానికి అందరమూ రెండు చెంచాలు పోస్తాం. ఖయేసి ఉప్పుకి బదులు పోస్తోంది కాబట్టి మామగారి కూరలో రెండు గరిటెలు పోసింది. ఆయన కంచాలు ఖాళీ అవడం మొదలుపెట్టాయి. మా కోడలికి ఈమధ్య చెయ్యి తిరిగిందని నాతో అన్నాడు. నేనేదో గొప్ప చేసినట్టు మురిసిపోయాను.

మూడు నెలలు ఏమీ కాలేదు. నేనిచ్చిన నీళ్ల బిళ్ల నీటితోపాటు ఒంట్లో పొటాషియాన్ని కూడా బయటికి తోసేసే రకం. ఆ బూడిద నీళ్లలో ఉన్నది ఎక్కువ భాగం పొటాషియమే. ఒక దారిన వచ్చింది ఇంకో దారిన పోయేది. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం నా వైద్యం బాగుందనుకున్నాను.

జూన్‌కి కాళ్లు వాచాయి, బీపీ అనుకున్నంత దిగలేదు. పట్నంలో పెద్దాసుపత్రికి పంపాను. అక్కడి డాక్టరు బీపీ బిళ్ల అలాగే ఉంచి, నీళ్ల బిళ్ల మార్చాడు. ఉప్పు తింటున్నావా అని అడిగాడట. చిటికెడు కూడా తినడంలేదని ముహతియా చెప్పాడు, అది నిజమే. వారంలో రక్తపరీక్ష చేయించుకోవాలని కాగితం మీద రాసి కింద గీత కూడా గీశాడు. ఆ కాగితం నేను చూశాను. కొత్త నీళ్ల బిళ్ల నీటిని పంపి పొటాషియాన్ని లోపలే పట్టి ఉంచుతుందనీ, బీపీ బిళ్ల కూడా అదే పని చేస్తుందనీ, రెండూ కలిపి వాడేటప్పుడు రక్తం చూస్తూ ఉండాలనీ నాకు తెలుసు. చదువుకునే రోజుల్లో ఆ పాఠానికి మంచి మార్కులే వచ్చాయి. అందుకే అరటిపళ్లు ఎక్కువ తినకు అని ముహతియాకి చెప్పాను. అరటిపళ్లు కోతులు తింటాయి, గిత్తలున్నవాళ్లు తినరు అన్నాడు. నా బాధ్యత తీరిపోయిందనుకున్నాను. ఆ చిల్లుల కుండ నా మనసులోకి రానే లేదు.

రక్తపరీక్షకి పట్నం వెళ్లాలి. మూడు వారాల్లో బుల్డోజరుతో పోటీ ఉందనీ, గిత్తని తయారు చేసుకోవాలనీ, పోటీ అయ్యాక వెళతాననీ ఆయన అన్నాడు. నేను సరేనన్నాను. పోటీ ముందు గురువారం దారిలో కనబడి, కాళ్లు బరువుగా ఉన్నాయి, మెట్టు ఎక్కాలంటే చేత్తో ఎత్తుకోవలసి వస్తోంది అన్నాడు. అరవై తొమ్మిదేళ్లకి గిత్తతో పరుగు పందెం పెట్టుకుంటే కాళ్లు బరువెక్కక రెక్కలొస్తాయా అన్నాను. పక్కనున్నవాళ్లు నవ్వారు. ఆయనా నవ్వాడు.

శనివారం పొద్దున్న డప్పులు విని నేను మా గేటు దగ్గరికి వచ్చి నిలబడ్డాను. ముందు ముహతియా, తల మీద కోతి తోలు టోపీ, చేతిలో తాడు. వెనక ఇంజినీరు, ఆ వెనక వంద మంది. నన్ను చూసి చెయ్యి ఎత్తబోయాడు. ఆ చెయ్యి సగమే లేచింది. ఇంకో నాలుగడుగులు వేశాడు. కాళ్లు మడతపడి రోడ్డు మీద కూలబడ్డాడు.

గిత్త తొక్కేస్తుందని అందరం అనుకున్నాం. అది ఆగింది. తల దించి ఆయన్ని వాసన చూసి, కదలకుండా నిలబడింది. డప్పులు ఒక్కొక్కటిగా ఆగిపోయాయి. ముహతియాకి తెలివి ఉంది, కళ్లు తెరిచే ఉన్నాయి, మాట కూడా వస్తోంది. కాళ్లు మాత్రం కదలడంలేదు. గిత్తని వెనక్కి తిప్పొద్దు అని ఒక్కమాట అన్నాడు. నలుగురు ఆయన్ని ఎత్తుకుని, పదడుగుల్లో ఉన్న నా ఆసుపత్రి దాటుకుని, ఇంటికి తీసుకెళ్లారు. పోటీ రోజున గిత్త ముందు మనిషి పడిపోతే అది మందులతో పోయేది కాదని వాళ్ల లెక్క.

నేను బీపీ మిషను తీసుకుని వెళ్లేసరికి టబితా చిల్లుల కుండని వంటింట్లోంచి తెచ్చి వాకిట్లో నడిమధ్య పెట్టింది. కింది గిన్నెలో గోధుమ నీళ్లు సగం దాకా ఉన్నాయి. ఖయేసి వంటింటి గోడకి ఆనుకుని, బిడ్డని చంకనెత్తుకుని నిలబడి ఉంది.

ముహతియా నాడి పట్టుకుని గడియారం చూశాను. నిమిషానికి ముప్పై ఎనిమిది. కాళ్లు ఎత్తమంటే ఎత్తలేకపోయాడు. చేతి పట్టు కూడా జారిపోతోంది. ఇదేమిటా అని తలెత్తితే ఎదురుగా కుండ. అప్పుడు అర్థమైంది. బీపీ బిళ్ల, కొత్త నీళ్ల బిళ్ల, బూడిద నీళ్లు. రెండు తలుపులూ మూసేసి మూడోవైపు నుంచి మూడు వారాలుగా నింపుతున్నాం.

"బూడిద నీళ్లు నేనూ కారుస్తాను, మా అమ్మా కార్చేది," అంటోంది టబితా, అందరికీ వినబడేలా. "రెండు చెంచాలు పోస్తాం. ఈ పిల్ల గిన్నెలకి గిన్నెలు ఎవరి కోసం కారుస్తోంది? ఇది ఏం కాల్చిన బూడిదో, ఏటి అవతల నుంచి ఎవరిచ్చారో చెప్పమనండి."

అందరూ ఖయేసి వైపు తిరిగారు. ఖయేసి నా వైపు చూసింది. ఒక్కసారే. సిస్టర్ పొయ్యమన్నారు అని అంటే రెండు మాటలు. ఆమె అనలేదు. పడుకుని ఉన్న మామగారి ఎదుట, పెద్దల మధ్య కోడలు నోరు విప్పకూడదు కాబట్టి అనలేదు. నేను విప్పుతానని కూడా అనుకుని ఉంటుంది.

నేను విప్పాను. వేరే మాటకి. ముందు పెద్దాసుపత్రికి పదండి, మాటలు తర్వాత అన్నాను. కొండ అవతలి మంత్రగాడి దగ్గరికి తీసుకెళ్లాలని టబితా పట్టుబట్టింది. అక్కడికి వెళ్లేలోపు ఆ ముప్పై ఎనిమిది కూడా ఉండదు, మోస్తున్నది శవమని మధ్యదారిలో తెలుస్తుంది అన్నాను. నా నోటికి ఊరంతా భయపడుతుంది కాబట్టి దారి ఇచ్చారు. లుసేనో బండి నడుపుతుంటే, తండ్రిని మధ్యలో కూర్చోబెట్టి, వెనక నేను గట్టిగా పట్టుకుని, ముగ్గురం పట్నం చేరాం. ఆ తొందర నిజమే. ఆ తొందర వెనక నేను దాక్కున్నదీ నిజమే.

పెద్దాసుపత్రిలో కుర్ర డాక్టరు ఈసీజీ తీసి చూసి మందుల కోసం పరిగెత్తాడు. నేను కుండ సంగతి చెప్పాను. పొటాషియం పెరిగిందని రక్తపరీక్ష కూడా చెప్పింది. గుండెని కాపాడే ఇంజెక్షను ఒకటి, గ్లూకోజుతో కలిపి ఇంకోటి ఎక్కించారు. కొత్త నీళ్ల బిళ్ల అక్కడికక్కడే ఆపేశారు. మధ్యాహ్నానికి నాడి యాభై ఐదుకి వచ్చింది. ఇంకో గంట ఆలస్యమైతే గుండె ఆగిపోయేదని డాక్టరు అన్నాడు. తర్వాత కాగితం మీద రాస్తూ, ఈ బూడిద నీళ్లు రోజూ పొయ్యమని ఎవరు చెప్పారని అడిగాడు.

ఇళ్లల్లో చేసుకుంటూనే ఉంటారు డాక్టర్ అన్నాను.

అందులో అబద్ధం ఒక్క అక్షరం లేదు. ఆయన కాగితం మీద, ఇంట్లోవాళ్ల తెలియనితనం అని రాసుకున్నాడు. నేను తలకిందులుగా చదివాను, ఏమీ అనలేదు.

ఆదివారానికి ముహతియా కాళ్లు కదిపాడు. బుధవారం ఇంటికి పంపారు. అయితే శనివారం మేం బండెక్కగానే టబితా ఖయేసి బట్టలు మూట కట్టించి, బిడ్డతో సహా ఏటి అవతలికి పంపేసింది. లుసేనో ఆదివారం ఇంటికి వెళ్లి చూస్తే పొయ్యి ఆరిపోయి ఉంది. వెళ్లి తెచ్చుకోరా అని నేను అన్నాను. అత్తయ్య ఒప్పుకోవాలి కదా సిస్టర్ అన్నాడు. నీ పెళ్లాన్ని నువ్వు తెచ్చుకోవడానికి ఇంకెవరు ఒప్పుకోవాలి అని అతన్ని కసిరాను. ఆ కసురు ఎవరి మీదో నాకు తెలుసు.

ఆ వారమంతా టీకాలు వేశాను, పుండ్లకి కట్లు కట్టాను, ఎవర్నీ ఒక్కమాట అనలేదు. సిస్టర్‌కి జ్వరమా అని వరండాలో గుసగుసలు. నిద్ర పట్టేది కాదు. చెబితే ఏమవుతుందో లెక్కలు వేసుకునేదాన్ని. పై అధికారులకి తెలిస్తే ఉద్యోగం మాట ఎలా ఉన్నా, ఈ ఊళ్లో ఇక నా మాట ఎవరు వింటారు? ఇరవై రెండేళ్లుగా గట్టి గొంతుతో సంపాదించుకున్నది ఒక్క పూటలో పోతుంది. ఖయేసికి వయసుంది, సర్దుకుంటుంది, నాలుగు నెలలు పోతే లుసేనో తెచ్చుకుంటాడు అని నాకు నేనే చెప్పుకున్నాను. సిగ్గుచేటు. కానీ చెప్పుకున్నాను.

ముహతియాకి కోడలు పుట్టింటివాళ్లని చూసిరావడానికి వెళ్లిందని చెప్పారు. రెండు రోజులు నమ్మాడు. మూడో రోజు కంచం వచ్చి స్టూలు మీద పడ్డప్పుడు, ఈ అడుగులు వేరు అన్నాడట. ఐదేళ్లుగా ఆ పిల్ల మొహం సరిగ్గా చూడని మనిషి, అడుగుల చప్పుడు మాత్రం గుర్తుపెట్టుకున్నాడు. లుసేనోని కూర్చోబెట్టి అడిగితే అతను అంతా చెప్పేశాడు. ఆదివారం ప్రార్థన కాగానే నాకు కబురొచ్చింది.

వాకిట్లో కుర్చీలో ముహతియా, ఒళ్లో కోతి తోలు టోపీ. పక్కన టబితా, లుసేనో. చర్చి నుంచి వస్తూ ఆగిపోయిన ఏడెనిమిది మంది కంచె దగ్గర. గిత్త చెట్టు కింద నెమరు వేస్తోంది. పోటీ జరగలేదు కాబట్టి అది ఓడలేదని అందరూ ఒప్పుకున్నారు.

"సిస్టర్, డాక్టరు ఏదో ఉప్పన్నాడు, బిళ్లలన్నాడు. నాకు తల తిరిగి అర్థం కాలేదు. ఆ పిల్ల నాకేం పెట్టింది?"

బిళ్లలు పడలేదు, అంతే, అని చెప్పవచ్చు. దాంతో ఖయేసి మీద మాట కూడా సగం తేలిపోతుంది. ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది. ఆయన మొహం చూశాను. నిజంగా తెలుసుకుందామని అడుగుతున్నాడు.

"నేను పెట్టమన్నదే పెట్టింది," అన్నాను.

తర్వాత అంతా చెప్పాను. మార్చిలో ఆమె వచ్చి అడగడం, నేను తలెత్తకుండా పొయ్యమనడం, జూన్‌లో నీళ్ల బిళ్ల మారడం. పాత నీళ్ల బిళ్లతో బూడిద నీళ్లు చెల్లిపోయాయనీ, బీపీ బిళ్లకి ఈ కొత్తది తోడయ్యాక అదే నీళ్లు గుండెని ఆపబోయాయనీ చెప్పాను. రక్తపరీక్ష వాయిదా వేస్తానంటే నేనే సరేనన్నాననీ, కాళ్లు బరువన్నప్పుడు నవ్వులాట చేశాననీ చెప్పాను. డాక్టరు ముందు కూడా నా పేరు దాచాననీ, రేపు వెళ్లి ఆ కాగితం దిద్దిస్తాననీ చెప్పాను. నా గొంతు నాకే చిన్నగా వినబడింది.

టబితా ఆ శనివారం కుండ పెట్టిన చోటికేసి చూసింది. కుండ ఇప్పుడు అక్కడ లేదు, మట్టిలో దాని గుండ్రటి అచ్చు మాత్రం ఉంది.

"ఊరందరి మీదా పడే నోరు గదా నీది," అంది. "ఆ శనివారం ఎక్కడ పెట్టావ్?"

"భయమేసింది అక్కా."

"ఆ పిల్లకి మాత్రం వెయ్యలేదా?"

టబితా తప్పూ ఉంది, అది ఆమెకీ తెలుసు. లేచి లోపలికి వెళ్లి, ఖయేసి వదిలేసిన తలగుడ్డ ఒకటి మడతపెట్టి తెచ్చి నా చేతిలో పెట్టింది. వెళ్లేటప్పుడు ఇది ఇవ్వు అంది. అంతకన్నా ఆమె నుంచి ఎవరూ ఆశించలేదు.

ముహతియా టోపీ నెత్తిన పెట్టుకున్నాడు. ఇంకా నీరసంగానే ఉన్నాడు, ఏటి దాకా బండి మీద వచ్చి, రాళ్ల మీదుగా లుసేనో భుజం పట్టుకుని దాటాడు. మామగారు కోడలి పుట్టింటికి పిలవకుండా వెళ్లడం మాలో లేదు. ఏటి అవతల పిల్లలు ముందు పరుగెత్తి చెప్పారు కాబోలు, మేం వెళ్లేసరికి ఖయేసి తల్లి కుర్చీలు వేసి, టీ కాస్తోంది. దారిలో బుల్డోజరు కట్టేసి ఉంటే ముహతియా దాన్ని ఒకసారి కొలిచి చూశాడు. బలిసింది, ఇక దానికి పరుగు రాదు అన్నాడు.

ఖయేసి లోపల ఉంది. గుమ్మం పక్కన ఆమె నీడ కనబడుతోంది. టీ తాగడం అయ్యింది. వానల గురించి, మొక్కజొన్న గురించి మాటలయ్యాయి. ముహతియా వాకిట్లో కలియజూశాడు. ఒక నల్ల కోడిపెట్ట గింజలేరుకుంటోంది. దానివైపు తిరిగి గొంతు సవరించుకున్నాడు.

"కోడీ, మా ఇంట్లో వారం రోజుల నుంచి పొయ్యి మీద రుచి లేదు," అన్నాడు. "నా ఒంట్లోకి పోయిన విషం చెయ్యిది కాదు, మాటది. ఆ చెయ్యికి నేను క్షమాపణ చెప్పాలి. ముసలాణ్ణి, ఏటి మీద రాళ్లు జారుతున్నాయి, మళ్లీ మళ్లీ రాలేను."

కోడి ఇంకో రెండు గింజలు ఏరుకుంది. మా ఎవరికీ నవ్వు రాలేదు. లుసేనో తల వంచుకుని చేతుల్లో బండి తాళం తిప్పుతున్నాడు. నా వంతు వచ్చిందని లేచి, గుమ్మం దగ్గరికి వెళ్లి, తలగుడ్డ అందించాను. తప్పు నాదని అందరి ముందూ చెప్పాననీ, ఆ రోజే చెప్పవలసిందనీ అన్నాను. ఖయేసి గుడ్డ తీసుకుంది. పర్లేదు సిస్టర్ అనలేదు. అనకపోవడమే న్యాయం.

కాసేపటికి లోపల్నుంచి, నన్నే అడుగుతున్నట్టు, అందరికీ వినబడేలా అంది:

"మరి మామయ్యకి ఇప్పుడు ఏ ఉప్పు వెయ్యాలి?"

ముహతియా తలెత్తాడు. లుసేనో తాళం తిప్పడం ఆపాడు. అంటే వస్తుందన్నమాట. వెంటనే అలవాటు కొద్దీ నా నోరు తెరుచుకుంది. నిమ్మకాయ పిండు, ఉల్లిపాయ ఎక్కువ వెయ్యి, బూడిద నీళ్లు ఒక్క చెంచా అయితే ఫరవాలేదు, ఇవన్నీ వరసగా నాలుక మీదికి వచ్చాయి. వాటిలో ఏది నిజమో, ఈ బిళ్లలతో ఏది సరిపడుతుందో నాకు తెలియదు.

"తెలీదమ్మా," అన్నాను. "రేపు కాగితం దిద్దించడానికి పట్నం వెళ్తున్నా గదా, డాక్టర్ని అడిగొచ్చి చెప్తాను."

ఖయేసి గుమ్మం లోంచి బయటికి వచ్చింది. మామగారి ఎదుట అలా రాకూడదు. ఆయన తల పక్కకి తిప్పుకుని, ఆమెకి చోటిచ్చాడు. ఆమె చేతిలో బిడ్డ టీకాల కార్డు ఉంది, దానికి గుచ్చిన పెన్ను ఉంది. ఆ పెన్ను తీసి నాకిచ్చింది.

"మర్చిపోతారు సిస్టర్. రాసుకోండి."

నాలుగు నెలల కిందట నేను తలెత్తకుండా చెప్పిన మాటని తు.చ. తప్పకుండా చేసిన పిల్ల. బీపీ బిళ్ల, నీళ్ల బిళ్ల, బూడిద నీళ్లు, మూడూ కలిపి అడగాలి అని అరచేతిలో రాసుకున్నాను. ఆమె నా చెయ్యి పట్టుకుని, రాసింది సరిగ్గా ఉందో లేదో చదివి చూసుకుంది.